ఎరుపు ఎవరికి?

ముకుందం నవల అచ్చయిన కొత్తలో దాన్ని చదివినవాళ్ళు తిరుపతి మొత్తమ్మీద నలభై మందికి మించరు. అందులో పదిమంది ప్రూఫులు దిద్దినవాళ్ళూ, ఆవిష్కరణ సభలో మాట్లాడక తప్పనివాళ్ళూ. మిగిలిన ప్రతులు ఇరవై ఏడేళ్ళుగా కొర్లగుంటలో ఆయన మంచం కింద కట్టలు విప్పకుండా పడి ఉన్నాయి. ఈలోపు ముకుందం తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు, షుగరు తెచ్చుకున్నాడు, మనవాళ్ళకు చదివే అలవాటు చచ్చిపోయిందని ఎదురుపడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటూ కాలం గడుపుతున్నాడు.

ఉన్నట్టుండి రోజులు మారాయి. చదివేవాళ్ళు పెరిగారని కాదు లెండి, అంత అదృష్టమా. చదివేవాళ్ళు పూర్తిగా కరువయ్యాక, చూసేవాళ్ళ కోసం పుస్తకాలను బొమ్మలుగా, సిరీసులుగా, గోడకు తగిలించే గుడ్డలుగా, చివరికి కాఫీ కప్పుల మీద అచ్చులుగా మార్చిపెట్టేవాళ్ళు తొలకరి ఉసిళ్ళలా పుట్టుకొచ్చారు. వాళ్ళకు కథలు కావాలి. సొంతంగా కథ అల్లడం కష్టం, ఎవరో ఒకరు అల్లిపెట్టిన దాన్ని విప్పి మళ్ళీ అల్లడం సులువు. అలా వెతుకుతూ వెతుకుతూ వాళ్ళు ముకుందం మంచం కిందికి వచ్చారు.

నవల పేరు ‘మడపల్లి పొగ’. మడపల్లి అంటే పెరుమాళ్ళ కోవెలలో వంటిల్లు. ఒక చిన్న ఊరి కోవెలలో నైవేద్యం వండే స్వామి కథ అది. స్వామి నిష్ఠాపరుడు. పొయ్యి వెలిగించే ముందే ముక్కూ నోరూ మూసుకునేలా గుడ్డ కట్టుకుంటాడు, ఎందుకంటే పెరుమాళ్ళు ఆరగించకముందు ఆ వంట రుచి చూడటం కాదు, వాసన పీల్చడం కూడా దోషమే. అలాంటివాడి భార్య, కడుపుతో ఉండి, వేవిళ్ళ ఆశ ఆపుకోలేక, నైవేద్యానికి పోవలసిన చక్కెరపొంగలిలో చెయ్యి పెడుతుంది. పొంగలి మీద వేళ్ళ గుర్తులు ధర్మకర్త కంట పడతాయి. తరతరాల కైంకర్యం ఒక్క పూటలో పోతుంది. కథంతా ఇంతే. దీని మీద ఒకాయన ‘మడపల్లి పొగలో స్త్రీ జిహ్వాచాపల్యం’ అని పరిశోధన చేసి డాక్టరు కూడా అయ్యాడు.

ముందుగా వచ్చింది దొరస్వామి. చిత్తూరు దగ్గర మామిడితోటలున్న ఆసామి. ఆయనకు సాహిత్యమంటే ప్రాణం, చదవడమంటే మాత్రం కళ్ళు మంట. అందుకని ‘దృశ్య సాహితి’ అని ఒక సంఘం పెట్టి, పుస్తకాలను కళ్ళు మండకుండా చూసే ఏర్పాటు చేస్తున్నాడు. ఆ సంఘం ప్రారంభ సభలోనే తొలి నవలగా ‘మడపల్లి పొగ’ను ప్రకటించాడు. ముకుందానికి పట్టపగ్గాల్లేవు. మైకు చేతికిచ్చేసరికి పూనకం వచ్చినట్టు మాట్లాడాడు. తన నవలలో ప్రతి మాటా నిజమనీ, తన తండ్రి జీవితమనీ, బొమ్మలేసేవాళ్ళు, సినిమా తీసేవాళ్ళు అందులో ఒక్క అక్షరం మార్చినా తన వేలు నరికినట్టేననీ అన్నాడు. చప్పట్లు మోగాయి. మూలానికి మచ్చ రానివ్వమని దొరస్వామి అక్కడికక్కడే తీర్మానం చదివాడు.

ఆటోలో ఇంటికి వస్తుంటే, లీలామహల్ సర్కిల్ దగ్గర, ముకుందానికి ఒళ్ళు చల్లబడింది. బొమ్మలు. బొమ్మలంటే అమ్మ చూస్తుంది కదా.

ఆయన తల్లి గోదాదేవికి ఎనభై ఆరేళ్ళు. పాశురాలన్నీ నోటికి వస్తాయి గాని అక్షరం రాదు. పోయినేడు రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్న దగ్గర్నుంచి సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. ఎదురింటి మేడ మీద ఆరేసిన చీర అంచు రంగు చెబుతుంది. ఆ కళ్ళ ముందు ఏ బొమ్మా దాగదు.

ఇక్కడ అసలు సంగతి చెప్పుకోవాలి. పొంగలిలో చెయ్యి పెట్టింది ముకుందం. ఇప్పటికి యాభై అయిదేళ్ళ కిందట, ధనుర్మాసంలో, తొమ్మిదేళ్ళ వయసులో. ఎవరు పెట్టారని ధర్మకర్త గట్టిగా అడిగినప్పుడు గోదాదేవి కొడుకు చొక్కా మీద నెయ్యి మరక చూసింది, చూసి, నేనే పెట్టినా అంది. ఆమె కడుపుతోనూ లేదు, ఆమెకే వేవిళ్ళూ లేవు. తండ్రి ఆ మాట నమ్మాడు. బిడ్డకు చెడ్డపేరు వస్తుందని ఆమె మొగుడికి కూడా నిజం చెప్పలేదు. ఊరొదిలి తిరుపతి వచ్చి, పెళ్ళిళ్ళలో వంటకు పోతూ బతికిన ఆయన, పోయేదాకా ఆమె వడ్డించిన అన్నం మారు మాట్లాడకుండా తిన్నాడు.

ఆమె చెప్పిన అబద్ధాన్నే ముకుందం నవలగా రాశాడు. పైగా వేవిళ్ళు చేర్చాడు, కథకు బలం వస్తుందని. పుస్తకం వచ్చిన రోజున గోదాదేవి కొడుకును పక్కకు పిలిచింది.

“అంతా రాసినావా ముకుందా?”

“రాసినానమ్మా.”

“ఉన్నింది ఉన్నట్టే?”

ముకుందం తలూపాడు. ఆవిడ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని పెరుమాళ్ళ పటం పక్కన పెట్టింది. నాటి నుంచి ప్రతి శనివారం దానికి కూడా ఒక పువ్వు పడుతోంది. తన తప్పు తానే లోకానికి చెప్పుకున్న కొడుకు ఎంతమందికి పుడతాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ఉన్నంత కాలం ముకుందం ఆ ఇంట్లో తలెత్తుకు తిరగగలడు. అది పోతే అరవై నాలుగేళ్ళ వయసులో అమ్మ మొహం చూడలేడు. ఆయనకున్న భయమల్లా అదొక్కటే.

సరే, బొమ్మల నవల వేసేందుకు కౌస్తుభ్ వచ్చాడు. ఏర్పేడు దగ్గర పెద్ద చదువు చదివి, మంచి ఉద్యోగం మానుకుని, బొమ్మల పుస్తకాల కంపెనీ పెట్టిన యువకుడు. ఎంతో వినయం. చెప్పులు వాకిట్లోనే విడిచి వచ్చాడు. తర్వాత నవలను కూడా వాకిట్లోనే విడిచిపెట్టాడని ముకుందానికి మెల్లగా తెలిసింది.

కౌస్తుభ్ బొమ్మల్లో వంటస్వామికి కండలు వచ్చాయి. వానకు కారే చిన్న కోవెల ఏడు ప్రాకారాల కోటయింది. మొదటి పుటలోనే స్వామి గరిటెతో నలుగురు దొంగలను తరిమాడు. చక్కెరపొంగలి బొమ్మలో సిమెంటు మాదిరి కనిపిస్తోందని దాన్ని పాయసం చేశారు. ముకుందం ఒక్కో కాగితం తిప్పుతూ, మూలం, ఔచిత్యం, రచయిత హక్కు అని గొణిగాడు. కౌస్తుభ్ ప్రతిదానికీ చేతులు కట్టుకుని, చదివేవాళ్ళు మారారు సార్ అన్నాడు.

చివరికి ముకుందం గొంతు తగ్గించి అసలు మాట అడిగాడు. ఇన్ని మార్చారు కదా, ఆ భార్య చెయ్యి పెట్టేది కూడా మార్చేయండి, ఎవరో దొంగ పెట్టాడని వేయండి అన్నాడు. ఆ యువకుడి మొహం పాలిపోయింది.

“సార్, అది నవలకు ప్రాణం. దాన్ని ముట్టుకునే పాపం మేం చెయ్యం. మీరు సభలో చెప్పినారు కదా, వేలు నరికినట్టని.”

ఆ పుటను వాళ్ళు రెండు పుటల వెడల్పున వేశారు. గర్భవతి, జుట్టు విరబోసుకుని, వేళ్ళనుంచి పాయసం కారుతూ, కళ్ళు ఇంతింత చేసుకుని. రచయితకు పది ప్రతులు వచ్చాయి. ముకుందం వాటిని అటక మీద బొమ్మల కొలువు పెట్టెల వెనక్కి తోసి, ఏం పుస్తకాలని అమ్మ అడిగితే గ్యాసు ఏజెన్సీవాళ్ళు ఇచ్చినవి అన్నాడు.

తర్వాత వంతు నరేంద్రది. దొరస్వామి తమ్ముడి కొడుకు, సిరీసులు తీస్తాడు. అతను నవల చదవలేదు, కౌస్తుభ్ బొమ్మల పుస్తకం చూశాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, ఇతను కోతిని చూసి మొదలుపెట్టాడు. కథను పులికాట్ సరస్సు ఒడ్డుకు మార్చాడు, అక్కడ పక్షులున్నాయి, నీళ్ళున్నాయి, పైనుంచి తీస్తే కంటికి ఇంపుగా ఉంటుంది. వంటస్వామికి ఒక పడవ ఇచ్చాడు. మడపల్లి వంటవాడికి పడవెందుకప్పా అని ముకుందం అడిగితే, పైనుంచి చూస్తే పొయ్యి కనబడదు సార్, పడవైతే కనబడుతుంది అన్నాడు. ధర్మకర్తకు ఒక చెల్లెల్ని పుట్టించి, ఆమెకు స్వామి మీద మనసు పుట్టించాడు. ముకుందం వీటన్నిటికీ తల ఊపేశాడు. పడవకు ఊపాడు, చెల్లెలికి ఊపాడు. ఊపి ఊపి, మళ్ళీ అదే అడిగాడు, ఆ భార్య చెయ్యి పెట్టడం ఒక్కటి తీసేయమని.

నరేంద్ర నవ్వాడు. “దాన్ని తీసేస్తే ఇంగ మీ నవల ఏముంటాది సార్? మిగిలిందంతా మాదే కదా.”

ఆ మాటకొస్తే అతనన్నది నిజమే. దేవుడి దయవల్ల ఆ సిరీసు కొనేవాడు దొరక్క, పడవ బొమ్మతో ఒక పోస్టరు దగ్గరే ఆగింది.

మూడోది కలంకారీ. దొరస్వామి ఈసారి శ్రీకాళహస్తిలో దేవరాజులు చేత నవలంతా ఒక పెద్ద గుడ్డ మీద, పన్నెండు గళ్ళలో వేయించి తిరుపతిలో ఆవిష్కరించాలని తలపెట్టాడు. కథ చెప్పి రమ్మని ముకుందాన్ని కారెక్కించి పంపాడు. దేవరాజులు ఇల్లు స్వర్ణముఖి గట్టున. కరక్కాయ, పాలు కలిపి తడిపిన గుడ్డలు పంచలో ఆరుతున్నాయి, ఆ వాసనకు ఈగలు ముసురుతున్నాయి. మనిషి అరవై దాటినవాడు, వేళ్ళకు పోని మరకలు. పుస్తకం ఇవ్వబోతే తీసుకోలేదు.

“నాకు సదివేదానికి తీరదు సామీ, నోటితో సెప్పండి. మా తాతలు గూడా ఇనే ఏసినారు.”

ముకుందం చెప్పడం మొదలుపెట్టాడు. దేవరాజులు తొందరపెట్టలేదు, కండలు కావాలనలేదు, పడవ అడగలేదు. పొయ్యి ఎన్ని రాళ్ళది, ముక్కుకు కట్టే గుడ్డ వెనక ముడి ఎటు పడుతుంది, పొంగలి గుండిగకు చెవులుంటాయా, ఇవి అడిగాడు. ఇన్నేళ్ళలో తన కథను అంత శ్రద్ధగా విన్న మనిషిని ముకుందం చూడలేదు. పొంగలి దగ్గరకు వచ్చేసరికి దేవరాజులు చింతబొగ్గు కింద పెట్టాడు.

“మా పద్ధతి ఒకటుండాది సామీ. దేవుళ్ళకు నీలం. ఆడోళ్ళకు పసుపు. తప్పు సేసినోళ్ళకు ఎరుపు. అది ముందే తెలియాల, పటిక యాడ పూస్తామో ఆడే ఎరుపు పడతాది. ఈ కతలో ఎరుపు ఎవరికి?”

పంచలో ఇద్దరే ఉన్నారు. చెప్పదలచుకుంటే అంతకు మించిన అదను రాదు. ముకుందం గొంతు సవరించుకుని, ఒక పిల్లవాడు అనబోయాడు. నాలుక చివరిదాకా వచ్చింది. అబ్బే, మనిషికి పుస్తకం రాసే ధైర్యం వేరు, నోరు తెరిచే ధైర్యం వేరు. ఒక దొంగ, బాటసారి అన్నాడు. బుక్కులో ఉండేది అట్లనేనా అని దేవరాజులు అడిగితే, బుక్కు రాసింది నేనే కదప్పా అని కసిరాడు కూడా.

ఇంటికి వస్తూ దారి పొడుగునా లెక్క చూసుకున్నాడు. గుడ్డ మీద దొంగ ఉంటాడు. అమ్మ చూసి, ఇదేంది ముకుందా, నువ్వు కదా అంటే, ఈ బొమ్మలవాళ్ళు ఇంతేనమ్మా, నేనొకటి రాస్తే వీళ్ళొకటి వేస్తారు అని తోసేయొచ్చు. వాళ్ళు మార్చారని నాలుగు నెలలుగా ఊరంతా మొత్తుకుంటూనే ఉన్నాడు, ఎవరికీ అనుమానం రాదు. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ రాత్రి షుగరు సంగతి మరిచిపోయి రెండు బొబ్బట్లు తిన్నాడు.

అందుకే ఆవిష్కరణకు అమ్మను తనే వెంట తీసుకెళ్ళాడు. నాయన కథను గుడ్డ మీద వేసినారంట, నేను చూడాల అని ఆవిడ వారం నుంచి అంటోంది. పట్టుచీర కట్టుకుంది. కల్యాణమండపంలో మొదటి వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీద గుడ్డకు తెర వేసి ఉంది.

దొరస్వామి లేచాడు. సాహిత్యం గొప్పతనం గురించి అరగంట చెప్పి, గొంతు మార్చాడు.

“ఒక ఘోరం జరగబోయింది, పెరుమాళ్ళ దయవల్ల మేం ఆపినాం. పూజకని కాళాస్తికి పోయి, గుడ్డ ఎంతవరకు వచ్చిందో చూద్దామని దేవరాజులు ఇంటికి పోతిమి. ఆయన పొంగలి దగ్గర ఎవరో దొంగను గీసి పెట్టినాడు! మా కౌస్తుభ్ బొమ్మల పుస్తకం తెరిచి పక్కన పెట్టి చూస్తే మూలానికీ దానికీ పొంతనే లేదు. అక్షరం మారినా వేలు నరికినట్టే అని ముకుందం గారు మన ప్రారంభ సభలోనే అన్నారు. ఆయన మనసు నొచ్చుకుంటుందని ఆయనకు చెప్పకుండానే దిద్దించినాం.”

మండపం చప్పట్లతో అదిరింది. ముకుందానికి చెవుల్లో ఈలలు వినబడ్డాయి. లేచి ఏదో అనబోయేలోపు తెర తీశారు.

నిజం చెప్పాలంటే గుడ్డ అద్భుతంగా ఉంది. నాయన నాయనలాగే ఉన్నాడు, బక్కగా, వెనక ముడితో. గుండిగకు చెవులున్నాయి. ఏడో గడిలో దొంగ ఉండవలసిన చోట ఒక స్తంభం లేచింది, కొంచెం మనిషి ఎత్తున, కొంచెం వంగి. దాని పక్కన గుండిగలో చెయ్యి పెట్టి ఆడమనిషి. పన్నెండు గళ్ళలోనూ ఆడవాళ్ళందరూ పసుపు. ఆమె ఒక్కతే నిలువెల్లా ఎరుపు.

అమ్మా కూర్చో అని ముకుందం అంటూనే ఉన్నాడు. గోదాదేవి కర్ర పట్టుకుని లేచింది. పెద్దావిడ కదా అని జనం దారిచ్చారు. ఒక్కో గడి దగ్గరా నిలబడి చూసుకుంటూ పోయింది. మొగుడి బొమ్మ దగ్గర చేతులు జోడించింది. ఏడో గడి దగ్గర ఆగింది. దేవరాజులు గుడ్డ పక్కనే ఉన్నాడు. ముకుందం ఆమె వెనక, తేలు కుట్టిన దొంగలా.

“ఎర్రగుండే ఆమె ఎవరు నాయనా?” అని అడిగింది.

“వంటసామి పెండ్లామమ్మా. ఎంగిలి సేసింది ఆయమ్మే అంట. నేను ముందర దొంగను గీసినా, పెద్దోళ్ళొచ్చి బుక్కులో ఉండేది ఇదే అని దిద్దమన్నారు. గీసిన గీత పోదు కదా, దొంగను స్తంభం సేసినా.”

“బుక్కులో ఉండేది ఇదేనా?”

“ఇదే అంటమ్మా.”

ఆవిడ గడి అంతా కళ్ళతో వెతికింది. గుండిగ వెనక, స్తంభం వెనక, పక్క గడిలో కూడా.

“పిల్లోడు యాడుండాడు?”

“పిల్లోడా?” దేవరాజులు కూడా ఒకసారి గుడ్డకేసి చూశాడు. “ఈ కతలో పిల్లోడు లేడమ్మా.”

గోదాదేవి వెనక్కి తిరిగి కొడుకును చూసింది. కోపంగా చూసిందంటే కోపంగానూ కాదు. ఎవరో తెలిసినవాళ్ళలా ఉన్నారే, ఎక్కడ చూసినాను అన్నట్టు చూసింది. తర్వాత కర్ర తాటించుకుంటూ పోయి తన కుర్చీలో కూర్చుంది. ముకుందానికి చావు వస్తే బాగుండుననిపించింది. అనిపించినప్పుడు రాదు కదా అది. దానికి బదులు మైకు వచ్చింది. మూల రచయిత రెండు మాటలు మాట్లాడతారని దొరస్వామి ప్రకటించాడు.

ముకుందం మైకు పట్టుకున్నాడు.

“ఆ పొంగట్లో చెయ్యి పెట్టింది ఆమె కాదు. నేను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. నన్ను కాపాడేదానికి మా అమ్మ తన మీద వేసుకుంది. ఆమె ఈడే, మొదటి వరుసలో కూర్చోనుండాది. నేను దాన్నే నవలగా రాసినా. నవల అబద్ధం. మీరు దిద్దింది తప్పు కాదు, నేను రాసిందే తప్పు.”

ముకుందం కళ్ళు మూసుకున్నాడు, తిట్లకోసమో, చెప్పులకోసమో. వచ్చినవి చప్పట్లు. ముందు వరుస లేచి నిలబడింది, దాన్ని చూసి వెనక వరుస. దొరస్వామి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, పాత్ర చేసిన తప్పును తన తప్పుగా మోసే రచయితను ఇన్నాళ్ళకు చూశామనీ, పరకాయప్రవేశమంటే ఇదేననీ అన్నాడు. ముకుందం మళ్ళీ మైకు లాక్కుని, కాదప్పా, నిజంగానే, నేనే తిన్నా అని అరిచాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. స్త్రీ జిహ్వాచాపల్యం మీద డాక్టరైన ఆయన వెనక వరుసలోంచి, రచయితే పాత్ర, పాత్రే రచయిత అని కేక వేశాడు. కౌస్తుభ్ ఫోనులో అదంతా తీసుకున్నాడు. నరేంద్ర దగ్గరికొచ్చి చెవిలో, ఈ మలుపు ఇంకెక్కడా చెప్పొద్దు సార్, రెండో భాగానికి దాచిపెడదాం, పిల్లోడి పాత్రకు మంచి కుర్రాడున్నాడు అన్నాడు.

నిజానికి కూడా ఇంకో రూపం తొడిగేశారు, కళ్ళ ముందే, పది నిమిషాల్లో. చప్పట్లు కొట్టనిది ఒక్క దేవరాజులు. ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వచ్చి ముకుందం పక్కన నిలబడ్డాడు.

“ఆ పొద్దు మా ఇంట్లోనే సెప్పింటే సరిపోయేది సామీ. ఎరుపు ఉడకబెట్టేసినాను. ఇంగ పోదు. దానిమీద నలుపు తప్ప ఇంకేదీ ఎక్కదు.”

రచయిత మాతృమూర్తి అని గోదాదేవికి శాలువా కప్పి, పండ్ల బుట్ట ఇచ్చి, ఫొటోలు తీసుకున్నారు. మధ్యాహ్నం ఎండలో ఆటో ఎక్కారు. బుట్ట ఇద్దరి మధ్యా పెట్టుకున్నారు. రైల్వే గేటు పడితే ఆటో ఆగింది. అప్పుడు మాట్లాడింది ఆవిడ, రోడ్డుకేసి చూస్తూ.

“సభలో అందరికీ చెప్పినావు. నాకు చెప్పలేదే.”

“నీకు తెలుసు కదమ్మా.”

“నాకు తెలుసు. నువ్వు చెప్పలేదు. యాభై అయిదేండ్లు నీ పక్కనే ఉండాను ముకుందా. ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అనుకున్యా. పుస్తకం వేసినావు, సరే, నోటితో చెప్పలేక రాసినాడులే అనుకున్యా.”

ఉపన్యాసాలు, పీఠికలు, మూడువందల పుటల నవల, అన్నీ నోట్లోంచి వచ్చిన మనిషికి మూడు మాటలు రాలేదు. గూడ్సు బండి పోతోంది, ఒక్కో పెట్టే మెల్లగా. అది పూర్తిగా పోయేదాకా ఆగి, పండ్ల బుట్టకేసి చూస్తూ అన్నాడు.

“నేనే తిన్నానమ్మా.”

“ఊఁ,” అంది ఆవిడ. గేటు లేచింది. ఆటో కదిలింది. కొంచెం దూరం పోయాక మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు మెత్తగా. “ఆ పొద్దు గుండిగ గుండిగే గుంత తవ్వి పూడ్చినారు. మీ నాయన పెరుమాళ్ళకు వండిన కడాపటి పొంగలి. తిన్నోడివి నువ్వొక్కడివే. ఎట్లుండెరా?”

ముకుందం గుర్తు తెచ్చుకోబోయాడు. నెయ్యి గుర్తుంది, వేడి గుర్తుంది, వెనక తలుపు చప్పుడు గుర్తుంది.

“ఎవరో వస్తాన్నారని భయపడి గబుక్కున మింగేసినా. నోరు కాలింది.” ఆయనకు ఏడుపొచ్చింది. “రుచి తెలీలేదమ్మా.”

గోదాదేవి కొడుకు వైపు తిరిగింది.

“పాపిష్టోడా,” అంది. “రుచన్నా చూసింటివి కాదా.”